మందు కొట్టింది నాన్న, తూలింది పురుగులు

మా నాన్న పుట్టాక ఒక్క చుక్క తాగలేదు. అయినా పన్నెండు రోజులు ఆఫీసు కాగితం మీద తాగుబోతుగా ఉన్నాడు. ఆ పుణ్యం నాదే. ఇప్పుడు చెప్పి నవ్వుకుంటున్నాం గానీ, అప్పుడు మా ఇంట్లో పొయ్యి కూడా మెల్లగా మండింది.

నాన్నది దోమల మందు కొట్టే పని. ఆ ఆఫీసుకి బోర్డు మీద పెద్ద పేరేదో ఉంటుంది. మేమంతా దోమలాఫీసు అంటాం. పోర్ట్ బ్లెయిర్ శివార్లలో ఆస్టినాబాద్ దాటాక కొండ వాలులో అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్నాయి. అడవి కొట్టి ఇల్లు కట్టుకున్నవాడికి పైకప్పు పూర్తయ్యేలోపే చలిజ్వరం వచ్చేది. అందుకని ఏడాదికి రెండుసార్లు నాన్న, ఇంకొకాయన కలిసి ఇంటింటికీ వెళ్ళి గోడలకి డీడీటీ కొట్టేవారు. తెల్లపొడి నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టి, బకెట్లో పంపు నిలబెట్టేవారు. ఆ ఇంకొకాయన పంపు పిడిని పైకీ కిందకీ లాగుతుంటే నాన్న పొడుగాటి గొట్టం పట్టుకుని పై నుంచి కింద దాకా కొట్టుకుంటూ వచ్చేవాడు. పనయ్యాక తలుపు మీద సుద్దతో తారీకు వేసేవాడు. ఆ ఇంటివాళ్ళకి ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు: గోడ కడక్కండి, ఒకసారి కొడితే ఆరు నెలలు పని చేస్తాది. ఆ మందు తనే కనిపెట్టినట్టు చెప్పేవాడు.

అప్పటికి నాన్న కచ్చా మనిషి. అంటే పని ఉన్న రోజే పనివాడు. రెండుసార్లు ఆయనకే చలిజ్వరం వచ్చి పడుకుంటే, లేచి వెళ్ళేసరికి ఆ గొట్టం ఇంకొకరి చేతిలో ఉంది. మళ్ళీ పిలిచేదాకా నెలలు పట్టింది. పక్కా అయితే పడుకుని లేచినా ఉద్యోగం అక్కడే ఉంటుంది. నాన్నని పక్కా చేసే కాగితం ఆఫీసులో కదిలింది, కొత్తగా వచ్చిన సాబ్ సంతకం ఒక్కటే మిగిలింది అని తెలిసినప్పటి నుంచి అమ్మ మా కచ్చా ఇంటికి కూడా రెండు పూటలా అలుకు పెట్టడం మొదలుపెట్టింది. ఇల్లు చూసి సంతకం పెడతారనుకుందో ఏమో.

నాకప్పుడు పదహారేళ్ళు. ఎనిమిదితో బడి అయిపోయింది. ఇంట్లో నా వంతు పని ఏమిటంటే, సాయంత్రం నాన్న తెచ్చిన బకెట్టు, వడగట్టే గుడ్డ కడగడం. ఇంటి వెనక గుంట తవ్వి ఆ నీళ్ళు అందులోనే పోసి పూడ్చాలి, వాగు దగ్గరికి తీసుకెళ్ళకూడదు అని ఆఫీసు రూలు. నాన్న రోజూ చెప్పేవాడు.

"గుంటలో పొయ్యవే, గుంటా."

మా శ్రీకాకుళం వైపు ఆడపిల్లని గుంట అంటారు. ఆ రెండు గుంటల మధ్య నాన్నకి ఎప్పుడూ తేడా పడలేదు. నేను మాత్రం ఊఁ అని, బకెట్టు తీసుకుని నాలాకి పోయేదాన్ని. కొండ మీంచి దిగే చిన్న వాగుని ఇక్కడ నాలా అంటారు. గుంట దాకా నీళ్ళు మోసి కడగడం ఎవరికి కావాలి? అదొక కారణం. అసలు కారణం వేరే. నాకు నాలాలో స్నేహితులు ఉన్నారు.

మా ఇంటి పక్కన నాలా ఒక చదును రాయి మీంచి జారుతుంది. రాతికి పైన ఒక మడుగు, కింద ఒక మడుగు. తాగే నీళ్ళు ఇంకా పైన ఊట దగ్గర నుంచి వెదురు దోనెలో వచ్చేవి కాబట్టి ఈ మడుగులతో ఎవరికీ పని లేదు, నాకు తప్ప. నీళ్ళ మీద తడవకుండా నిలబడే సన్నకాళ్ళ పురుగులు ఉంటాయి చూడండి, వాటికి నేను పోలీసులు అని పేరు పెట్టాను. ఏది పడ్డా ముందు పరిగెత్తుకొచ్చి చుట్టూ నిలబడతాయి కనుక. నల్లగా గింజల్లా మెరుస్తూ గుంపుగా గిరగిరా తిరిగేవి ఇంకొన్ని. అంత వేగంగా తిరిగినా ఒకదాన్నొకటి తగలవు. ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ టిక్కెట్ల లైన్లో నిలబడ్డవాళ్ళని తీసుకొచ్చి వీటికి చూపించాలి అనుకునేదాన్ని. అడుగున మేస్త్రీలు. ఇసక రేణువులు ఒక్కొక్కటీ అతికించుకుని గొట్టంలాంటి ఇల్లు కట్టి, దాన్ని ఈడ్చుకుంటూ తిరిగే పురుగులు. బురదలో దొంగలు. ఇవి నక్కి కూర్చుని, దోమపిల్ల ముక్కు ముందుకి రాగానే దవడ చాచి లాగేసుకుంటాయి. ఒక దొంగ గడ్డిపోచ పట్టుకుని పైకి ఎక్కి, వీపు చీల్చుకుని తూనీగై ఎగిరిపోవడం నా కళ్ళతో చూసేదాకా అది తూనీగ పిల్ల అని నాకు తెలీదు.

ఇదంతా పై మడుగు సంగతి. కింది మడుగులో వ్యవహారం వేరేగా ఉండేది.

నేను రాతి మీద బకెట్టు కడిగితే తెల్లనీళ్ళు కింది మడుగులోకే పోతాయి. పోసిన కాసేపటికి రాళ్ళని పట్టుకుని ఉన్న చిన్న చిన్న పురుగులన్నీ పట్టు వదిలేసి వరసగా కొట్టుకుపోయేవి. పోలీసుల కాళ్ళు వణికేవి. చీమని వేస్తే పై మడుగు పోలీసు గీత గీసినట్టు వచ్చేవాడు. కింది మడుగు పోలీసు మాత్రం చీమ ఉన్న వైపు తప్ప అన్ని వైపులకీ వెళ్ళేవాడు. గిరగిర తిరిగేవి ఒకదాన్నొకటి గుద్దుకునేవి, అచ్చంగా టిక్కెట్ల లైనే. మేస్త్రీలు ఇళ్ళు కట్టేవి గానీ మధ్యలో ఎవరో పిలిచినట్టు ఆపేసేవి. ఇంటికి కిటికీ అక్కర్లేనిచోట కిటికీ. దోమపిల్ల దొంగ ముక్కు మీదుగా ఈదుకుంటూ పోయినా దొంగ అలాగే చూస్తూ కూర్చునేవాడు.

మొదటిసారి చూసినప్పుడు నేను రాతి మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వాను. ఆ సాయంత్రం అన్నం తింటూ అమ్మతో చెప్పాను, మందు కొట్టేది మన నాన్న, తూలేది పురుగులు అని. ఎక్కడ తూలాయో చెప్పలేదు. అమ్మ కూడా అడగలేదు. ఆవిడకి నవ్వొచ్చింది, అంతే. అప్పటి నుంచి అది మా ఇంటి మాట అయిపోయింది. నాన్న గొట్టం భుజాన వేసుకుని బయలుదేరితే అమ్మ, సరే, మీరు కొట్టి రండి, ఎవరు తూలతారో సూద్దాం, అనేది. దోమల మనిషి ఇంట్లోనే అందరికన్నా ఎక్కువ దోమలు ఎందుకున్నాయో అమ్మకి అర్థమయ్యేది కాదు. నాన్నని దెప్పేది. ఊరందరి దోమలూ మీ మీద కేసు పెట్టడానికి మనింటికొచ్చాయి అనేది. కింది మడుగులో దొంగలకి దోమపిల్లలు పట్టడం చేతకాకుండా పోయింది కాబట్టే అని నాకు కొంచెం అనుమానం. ఎవరికీ చెప్పలేదు. చెబితే గుంట దాకా నీళ్ళు మోయాలి.

సాబ్ వచ్చిన రోజు నేను గుమ్మం ముందు కూర్చుని చేపలు కడుగుతున్నాను. అమ్మ ఊట దగ్గరికి వెళ్ళింది. ఆయన ఉత్తరాది మనిషి, కొత్తగా పోర్ట్ బ్లెయిర్ వచ్చాడు. చేతిలో డైరీ. ముందుగా చెప్పకుండా వచ్చి, ఏ మనిషి ఎక్కడ పని చేస్తున్నాడో చూసుకోవడం ఆయన పద్ధతి అట.

మీ నాన్న ఎక్కడ అని తెలుగులో అడిగాడు. నేను ఆశ్చర్యపోయి చూస్తే, విశాఖపట్నంలో నాలుగేళ్ళు చేశాను, నా తెలుగు ఫస్ట్ క్లాస్ అన్నాడు. నేను చదివిందంతా హిందీలోనే. హిందీలో జవాబిచ్చి ఉంటే ఈ కథే లేదు. కానీ పెద్దమనిషి అంత ముచ్చటపడి తెలుగు మాట్లాడుతుంటే మనం హిందీలో చెప్పడం ఏం మర్యాద?

"మందు కొట్టడానికి ఎల్లాడు సార్."

ఆయన టోపీ తీశాడు. "పొద్దున్నేనా?"

"పొద్దున్నే కొట్టాలి సార్. ఎండెక్కితే ఊపిరాడదు."

"రోజూ?"

"ఆదివారం కొట్టడు సార్."

ఇక్కడ నాకు అర్థమైంది. విశాఖపట్నంలో నాలుగేళ్ళూ ఆయన ఏ మందు గురించి విన్నాడో అర్థమైంది. మన భాషలో జ్వరానికి వేసుకునేదీ మందే, గోడకి కొట్టేదీ మందే, సాయంత్రాలు కొందరు కొట్టేదీ మందే. నేను అక్కడే ఆగి, సాబ్, దవాయి, డీడీటీ, అని రెండు మాటలు అంటే అయిపోయేది. కానీ ఆయన పెన్ను మూత తీసి, కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్నాడు. అలాంటి మొహం ముందు నేను ఆగలేను. చివర్లో చెబుదాం, ఇద్దరం నవ్వుకుందాం అనుకున్నాను.

ఎంత కొడతాడు అన్నాడు. ఆరు బకెట్లు సార్, ఇల్లు పెద్దదైతే ఏడు, అన్నాను. ఒక్కడేనా అంటే, ఒక్కడికి సాగదు సార్, ఇద్దరుండాలి అన్నాను. ఎక్కడ కొడతాడు అంటే, అందరిళ్ళకీ ఎల్లి కొడతాడు సార్, మా ఇంట్లో వద్దని ఎవరన్నా అంటే గుమ్మంలో నిలబడి బతిమాలతాడు, అన్నాను. మీ అమ్మ ఏమీ అనదా అని అడిగాడు, చాలా జాలిగా. మా అమ్మ మూలల్లో ఇంకాస్త ఎక్కువ కొట్టమంటాది సార్, అన్నాను.

ఆయన పేజీ తిప్పాడు.

"కొట్టాక తూలతాడా?"

"నాన్న తూలడు సార్. తూలేది పురుగులు."

"పురుగులు?"

"అన్ని పురుగులూ సార్. వరసగా."

ఆయన ఆ మాటని నోట్లోనే రెండుసార్లు తిప్పుకుని రాసుకున్నాడు. ఇప్పుడు నవ్వుతాడని చూస్తున్నాను. ఆయన నవ్వలేదు. బహుత్ అచ్ఛా అని లేచి, టోపీ పెట్టుకుని, వాలు దిగిపోయాడు. నేను చేపలు పట్టుకుని వెనకే పరిగెత్తి ఉండాల్సింది. చేపలు కడగడం పూర్తి చేశాను.

సాయంత్రం నాన్న బకెట్టు లేకుండా వచ్చాడు. గొట్టం కూడా లేదు. రేపటి నుంచి రావద్దన్నారట. డ్యూటీలో తాగడం అని రాశారట. హెడ్ క్లర్కు ఆ కాగితం చదివి వినిపిస్తే నాన్నకి ఏమీ అర్థం కాలేదట. రోజూ పొద్దున్నే ఆరు బకెట్లు తాగుతాడు, జనం ఇళ్ళల్లో దూరి తాగుతాడు, భార్యే ఇంకా పొయ్యమంటుంది, మగాళ్ళంతా వరసగా తూలుతున్నారు. పంపు లాగే ఆయన ఎప్పుడో పక్కా అయ్యాడు కనుక తిట్టి వదిలేశారు. నాన్న కచ్చా. కచ్చావాడిని పీకడానికి కాగితం కూడా అక్కర్లేదు. సంతకం కావలసిన కాగితాన్ని సాబ్ సొరుగులో పెట్టేశాడట.

ఆరు బకెట్లు అనేసరికి అమ్మకి నవ్వు వచ్చింది. నాన్న మొహం చూసి ఆగిపోయింది.

నేను చెప్పేశాను. మొదటి నుంచి చివరి దాకా, ఎక్కడ అర్థమైందో కూడా. పురుగులు అంటే ఆయన పురుష్ అనుకున్నాడని అప్పుడు తెలిసింది నాకు. హిందీలో పురుష్ అంటే మగవాడు. మందు కొడితే తూలేది మగాళ్ళు. ఆయన లెక్క ప్రకారం నేను చాలా బుద్ధిగా జవాబిచ్చాను.

అమ్మ చెయ్యెత్తింది. నాన్న ఆపాడు. తలుపు మీద తనే రాసిన తారీకు వైపు చూశాడు.

"ఇది సెప్పిందాంట్లో ఒక్క అబద్ధం నేదే. అదే సిక్కు," అన్నాడు అమ్మతో.

మర్నాడు నాన్న శుభ్రమైన చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. వచ్చి చెప్పింది ఇది. సాబ్ వినలేదు. నాకు తెలుగు తెలుసు, మందు ఏమిటో తెలుసు అన్నాడు. సాబ్, దవాని కూడా మందే అంటాం అని నాన్న అంటే, సరే, మరి దవా కొడితే మగాళ్ళు ఎందుకు తూలుతున్నారు అన్నాడు. మగాళ్ళు కాదు సాబ్, కీడే, పురుగులు, అని నాన్న అన్నాడు. అప్పుడు సాబ్ పుస్తకం మూసి హిందీలో ఒక మాట అన్నాడట. డీడీటీ తగిలితే పురుగు చస్తుంది, పురుగు తూలడం నేనెక్కడా చూడలేదు, ఉంటే చూపించు. తను పై ద్వీపాలకి టూర్ వెళ్తున్నాడు, వచ్చాక వస్తాను అన్నాడు.

"ఏదీ, ఎక్కడ తూలతన్నాయే?" అని నాన్న నన్ను అడిగాడు.

నేను నాలా వైపు చూశాను. నాన్న కూడా చూశాడు. రాయి చూశాడు. ఆ రాయి మీద తెల్లటి పొర ఎన్ని వానలు పడ్డా పోలేదు, సున్నం వేసినట్టే ఉంది. రోజూ దాని పక్కనుంచే నడుస్తాడు ఆయన.

"గుంటలో పొయ్యమన్నాను కదే, గుంటా."

అంత మెల్లగా నాన్న నన్ను ఎప్పుడూ తిట్టలేదు.

అసలు ఇరకాటం అక్కడ మొదలైంది. పురుగులు తూలడం చూపిస్తే నాన్న తాగలేదని తేలుతుంది. కానీ అవి ఎందుకు తూలుతున్నాయో కూడా తేలుతుంది. నాలాలో కడగడం తాగడం కన్నా చిన్న తప్పేమీ కాదు. అమ్మ, చూపించొద్దు, సాబ్ కాళ్ళు పట్టుకుందాం అంది. నాన్న వినలేదు. తాగి పోగొట్టుకున్నాడు అనిపించుకోవడం కన్నా కడిగి పోగొట్టుకున్నాడు అనిపించుకోవడం నయం అన్నాడు. కడిగింది తనే అని చెబుతానని ముందే నన్ను నోరు మూయించాడు. నోరు మూసుకోవడం నాకు ఎంత చేతనవునో మీరు చూశారు.

ఇంతలో వాన పట్టుకుంది. మా ద్వీపాల వాన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఐదు రోజులు వదల్లేదు. నాలా ఎర్రగా పొంగి రాయి కనిపించలేదు. అటు నాన్నకి పని లేదు కనుక అన్ని రోజులుగా బకెట్టూ లేదు, కడగడమూ లేదు. వాన తగ్గేసరికి రెండు మడుగుల్లోనూ నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. సాబ్ మర్నాడు వస్తున్నాడని కబురొచ్చింది.

ఇన్నాళ్ళూ అవి తూలుతున్నాయని నవ్వినదాన్ని, ఇప్పుడు అవి బాగుపడిపోయి ఉంటాయేమోనని భయం. మంచి నీళ్ళు తాగి, నిద్రపోయి లేచి, బుద్ధిగా డ్యూటీ చేస్తూ ఉంటే సాబ్‌కి నేనేం చూపించాలి?

మర్నాడు తెల్లవారగానే లేచాను. పాక చూరులో నాన్న పాత వడగట్టే గుడ్డ ఒకటి ఉంది. ఎండి అట్టలా అయినా ఇంకా తెల్లగా పొడి రాలుతోంది. దాన్ని ఓణీ కింద దాచి నాలాకి వెళ్ళాను. ఒక్క ముంచు ముంచితే చాలు, సాబ్ వచ్చేసరికి అందరూ మళ్ళీ తూలుతూ ఉంటారు. ఇంకొకరి కోసం చేస్తున్నాను కనుక అది తప్పు కూడా అనిపించలేదు. గుడ్డ కింది మడుగు నీళ్ళకి బెత్తెడు పైన పట్టుకున్నాను. ఎందుకో, ముందు ఒక చీమని వేసి చూద్దాం అనిపించింది.

వేశాను. చీమ నీళ్ళ మీద కొట్టుకుంటోంది. దగ్గర్లో ఉన్న పోలీసుకి తెలిసింది, కదిలాడు. ఎడమకి వెళ్ళాడు. ఆగాడు. చుట్టూ ఒక తిరుగు తిరిగి ఇంకొక పోలీసు మీదకి ఎక్కాడు. నేను పై మడుగులో ఇంకో చీమని వేశాను. ఇద్దరు పోలీసులు గీత గీసినట్టు వచ్చి పట్టేశారు. మళ్ళీ కిందకి వచ్చి అడుగుకి చూశాను. ఒక మేస్త్రీ ఈడ్చుకుపోతున్న ఇంటికి సగంలో కన్నం.

గుడ్డ అవసరం లేదు. నాన్న బయటపడతాడు. ఎగిరి గంతెయ్యాలి నేను. కానీ రాతి మీద అలాగే కూర్చుండిపోయాను. ఐదు రోజుల వాన, నాలా నిండా కొండ నీళ్ళు, పన్నెండు రోజులుగా నేను ఒక్క చుక్క పొయ్యలేదు. అయినా వీళ్ళకి దిగలేదు. నీళ్ళు పోయాయి గానీ మందు పోలేదు. ఎక్కడుంది? బురదలోకి వేలు పెట్టాను. మెత్తగా, మామూలు బురదలాగే ఉంది. గోడ మీద ఆరు నెలలు ఉంటాది అని నాన్న ఇంటింటికీ గర్వంగా చెప్పేవాడు. అది గోడకి మాత్రమే తెలిసిన విద్య అనుకున్నాం మేము.

గుడ్డని తీసుకెళ్ళి ఇంటి వెనక కర్రతో గొయ్యి తీసి పాతేశాను. మొదటిసారి రూలు ప్రకారం చేసింది అదే.

సాబ్ పది గంటలకి వచ్చాడు. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మ దూరంగా గుమ్మంలో. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, బూట్లు విప్పి రాతి మీద కూర్చున్నాడు. నేను ఆకులో చీమలు పట్టి తెచ్చాను. పైన ఒకటి వేశాను, కింద ఒకటి వేశాను. ఇంకొకటి వెయ్యి అన్నాడు సాబ్. వేశాను. చీమలు అయిపోతే నాన్న వెళ్ళి ఇంకో ఆకు నిండా తెచ్చాడు. కాసేపటికి సాబ్ తనే ఆకు లాక్కుని తనే వేస్తున్నాడు. ఒక పోలీసు తిరిగి తిరిగి గడ్డిని గుద్దుకుని వెల్లకిలా పడితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"యే తో పియక్కడ్ హై."

వీడు తాగుబోతే అన్నాడు. నాన్న ఊపిరి వదలడం నాకు వినిపించింది.

అప్పుడు ఆయన, చివరిసారి ఇక్కడ మందు ఎప్పుడు పడింది అని హిందీలో అడిగాడు. పన్నెండు రోజులయింది అన్నాను. మధ్యలో వరద వచ్చిందిగా అన్నాడు. వచ్చింది అన్నాను. ఆయన నవ్వు ఆగింది. వంగి కింది మడుగులో నుంచి గుప్పెడు బురద తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ రాతి మీద తెల్లటి పొరని గోటితో గీశాడు.

ఎవరు కడిగారు ఇక్కడ అన్నాడు.

నేనే సాబ్ అన్నాడు నాన్న. ఆయన మాట పూర్తయ్యేలోపే నేను కూడా అన్నాను.

"నేనే సార్. నాన్న గుంటలో పొయ్యమన్నాడు. నేనే ఇక్కడ పోశాను."

"గుంట మత్లబ్?"

నాన్న ఇంటి వెనక్కి చూపించి గడ్డా సాబ్, గొయ్యి, అన్నాడు. అదే సమయానికి గుమ్మంలోంచి అమ్మ నా వైపు వేలు చూపించింది. "గుంటంటే ఇదే బాబూ, దీని మాట మాత్రం నమ్మకండి."

సాబ్ గొయ్యి వైపు చూశాడు, నా వైపు చూశాడు, డైరీ తెరిచాడు. ఇక నుంచి ఒక్క తెలుగు మాట కూడా ఇందులో రాయను అన్నాడు. మొదటి పేజీలో ఉన్నదంతా అడ్డంగా కొట్టేశాడు. తర్వాత చాలాసేపు హిందీలో రాశాడు. నేను తల వంచి చదివాను, ఎనిమిది దాకా చదివింది అందుకు పనికొచ్చింది. తాగుడు అబద్ధం అని ఉంది. కడగడం నిజం అని ఉంది. మనిషి ఎత్తు గొయ్యి తవ్వాలి, తవ్వాల్సింది కడిగినవాళ్ళే, తవ్వింది నేను చూశాకే సంతకం, అని ఉంది. ఇంకా కింద, మిగతా పనివాళ్ళు ఎక్కడ కడుగుతున్నారో ప్రతి నాలా చూడాలి, అని కూడా ఉంది.

ఎవరి ఎత్తు మనిషి అని అడిగాను. నీ ఎత్తు అన్నాడు.

తవ్వాను. నాలుగు రోజులు పట్టింది. మా కొండ మట్టి కింద అంతా రాయి. అమ్మ గట్టు మీద కూర్చుని, గుంట గుంటలో దిగింది చూడండి అని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పింది. సాబ్ వచ్చి నన్ను అందులో నిలబెట్టి చూసుకున్నాడు. జుట్టు మాత్రం కనిపిస్తోంది, చాలు అన్నాడు. ఆ వానాకాలం పోయాక నాన్న పక్కా అయ్యాడు. మరుసటి ఏడు మళ్ళీ జ్వరం వచ్చి పదిరోజులు పడుకున్నాడు. లేచి వెళ్ళేసరికి గొట్టం మేకుకి అలాగే వేలాడుతోంది, తన కోసం.

ఇదంతా జరిగి ఆరేళ్ళు. అప్పటి నుంచి నాలాలో ఒక్క చుక్క పడలేదు. మొదటి ఏడు కింది మడుగులో ఏమీ మారలేదు. రెండో ఏడు కూడా. ఆ తర్వాత కాళ్ళు వణకడం తగ్గింది. మేస్త్రీలు మాత్రం ఇంకా అప్పుడప్పుడు కిటికీలు వదులుతున్నాయి. నాన్న ఇప్పటికీ ఇంటింటికీ వెళ్ళి మందు కొడతాడు, ఇక్కడ జ్వరం తగ్గింది కూడా దాని వల్లే. కానీ తలుపు మీద తారీకు వేశాక, ఒకసారి కొడితే ఆరు నెలలు, అని మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తాడు. గోడ కడక్కండి అని మాత్రం చెప్పి వచ్చేస్తాడు.

మొన్న సాయంత్రం పని నుంచి వస్తూ రాతి దగ్గర ఆగాడు. నేను కింది మడుగులో చీమని వేసి చూస్తున్నాను.

"ఇంకా దిగనేదేటి ఈళ్ళకి?"

"దిగతంది నాన్నా. సూడు."

ఒక పోలీసు కదిలాడు. కొంచెం ఆలస్యంగా. ఎడమకి వెళ్ళలేదు. ఎవరినీ గుద్దలేదు. ఆగి, దిక్కు చూసుకుని, నిజంగానే చీమ ఉన్నచోటికి నేరుగా వచ్చాడు. నాన్న, నేను ఇద్దరం ముందుకి వంగాం.

చీమ ఈలోపు గడ్డి పట్టుకుని ఒడ్డెక్కి వెళ్ళిపోయింది.